అభయారణ్యంలో రోడ్లు బాగుపడాలంటే తారు వేయాల్సిందేనా? తుమ్మలబైలు సఫారీ దారి గురించి అడిగిన ప్రశ్నకు నా సమాధానం

మార్కాపురం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. పిల్లలతో కలిసి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో, దోర్నాల-శ్రీశైలం దారిలో ఉన్న తుమ్మలబైలు జంగిల్ సఫారీకి వెళ్ళారట. జీపు కుదుపులకు పెద్దవాళ్ళకు నడుము నొప్పులు వచ్చాయి, ఒక వంక దగ్గర చక్రం దిగబడి అరగంట ఆగిపోయారు. ‘దేశంలో పెద్ద పులుల అభయారణ్యం అంటారు, లోపల మంచి రోడ్డు లేదు. తారు రోడ్డు వేస్తే చూడ్డానికి వచ్చేవాళ్ళు పెరుగుతారు, ఫారెస్టు వాళ్ళూ త్వరగా తిరగగలుగుతారు. ఎందుకు వేయరు? చట్టం ఒప్పుకోదా, డబ్బు లేదా, పట్టించుకునేవాళ్ళు లేరా?’ అని అడిగారు.

నేను అటవీ శాఖలో కింది స్థాయి నుంచి రేంజ్ అధికారి దాకా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం నల్లమలలో, మార్కాపురం, గిద్దలూరు వైపే గడిచింది. కొంతకాలం నెల్లూరు జిల్లా రాపూరు వైపు వెలిగొండల్లోనూ చేశాను. అడవి దారులు వేయించడం, మరమ్మతు చేయించడం, కొన్నింటిని మూయించడం నా పనిలో పెద్ద భాగం. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

తారు వద్దు. రోడ్లు మాత్రం తప్పకుండా బాగు చేయాలి. ఉన్న మట్టి రోడ్డు మీద నీళ్ళు నిలవకుండా, పారకుండా చేస్తే మీరు పడ్డ ఇబ్బందిలో ముప్పాతిక భాగం పోతుంది. వంకలు దాటే చోట్ల గట్టి చప్టాలు, అంటే నీళ్ళు పైనుంచి పారిపోయే రాతి కట్టడాలు, కడితే మిగతాదీ పోతుంది. తారుకు పెట్టే డబ్బులో చిన్న భాగంతో ఈ పని అవుతుంది. దీంతో పాటు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ అడగరు: అక్కర్లేని రోడ్లు మూసేయడం. రెండూ చేస్తేనే అభయారణ్యంలో రోడ్లు బాగుపడ్డాయని నేనంటాను.

తారు ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను. మట్టి దారిలో జీపు గంటకు ఇరవై కిలోమీటర్లకు మించి పోలేదు. తారు వేసిన మర్నాటి నుంచి అదే డ్రైవరు యాభైలో పోతాడు, అతన్ని తప్పుపట్టడానికి లేదు, రోడ్డే అలా పోనిస్తుంది. చుక్కల దుప్పి, కణితి, అడవి పంది, కుందేలు, ఉడుము వేగాన్ని అంచనా వేయలేవు. పైగా తారు పగలంతా ఎండను తాగి రాత్రి దాకా వెచ్చగా ఉంటుంది, పాములు వచ్చి దాని మీద పడుకుంటాయి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే మెయిన్ రోడ్డు మీద పొద్దున్నే నడిచి చూస్తే నలిగిపోయిన పాములు, తొండలు కనిపిస్తాయి. ఆ రోడ్డు ఎటూ ఉంది, తీసేయలేం. సఫారీ దారిని కూడా అలా చేయడం ఎందుకు?

ఇంకో కారణం పులే. పులి, చిరుత, ఎలుగుబంటి రాత్రిపూట మన మట్టి దారుల మీదే నడుస్తాయి. కంపలో దూరి నడిచే కన్నా వాటికి అది సుఖం. అందుకే జంతువు ఎదుటికి వస్తే దానంతటదే ఫోటో తీసే కెమెరా ట్రాప్‌లు ఎక్కువగా దారుల కలయికల దగ్గర బిగిస్తాం. పొద్దున్నే బేస్ క్యాంపు (అడవిలో గస్తీ సిబ్బంది ఉండే చోటు) నుంచి బయల్దేరిన చెంచు వాచరు మెత్తని దుమ్ములో అడుగు జాడ చూసి రాత్రి ఏ జంతువు ఎటు వెళ్ళిందో, వెంట పిల్లలున్నాయో లేదో చెప్పేస్తాడు. మనుషుల జాడలు కూడా ఆ దుమ్ములోనే దొరుకుతాయి. ఏ వేటగాళ్ళు ఎటు నుంచి దిగారో తెలిసేది అలాగే. తారు మీద ఏ జాడా పడదు. గస్తీ చేసేవాడికి మట్టి రోడ్డే సాక్ష్యం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అడవి రోడ్డును పాడుచేసేది జీపు కాదు, నీళ్ళు.

నల్లమలలో వాన పడే రోజులు తక్కువ, పడితే మాత్రం ఒక్కసారిగా దంచుతుంది. కింద పలకరాయి, గట్టి రాయి ఉండటంతో నీళ్ళు త్వరగా ఇంకవు, ఏటవాలుగా దిగిపోతాయి. నీరు పల్లమెరుగు అంటారు కదా, అడవిలో దానికి దొరికే సులువైన పల్లం మన రోడ్డే. చెట్టూ చేమా లేని, చక్రాలు తొక్కి గట్టిపడిన దారి మీద అది పరుగెడుతుంది. మొదట చక్రాల గాడి లోతవుతుంది, తర్వాత మట్టి పోయి రాళ్ళు తేలతాయి. మీ నడుముకు తగిలిన దెబ్బ ఆ రాళ్ళది.

దీనికి మామూలుగా చేసే మరమ్మతు ఏమిటంటే, వానాకాలం అయ్యాక జేసీబీ తెచ్చి రోడ్డు గీకించడం. చూడ్డానికి నున్నగా వస్తుంది. కానీ గీకిన ప్రతిసారీ రోడ్డు నాలుగు వేళ్ళు కిందికి దిగుతుంది, తీసిన మట్టి రెండు పక్కలా గట్టులా పేరుకుంటుంది. కొన్నేళ్ళు ఇలా చేస్తే రోడ్డు చుట్టూ ఉన్న నేల కన్నా మోకాలి లోతు కిందికి పోతుంది. ఇక పక్కనున్న అడవిలో నీళ్ళన్నీ దాంట్లోకే దిగుతాయి, బయటికి పోయే దారి ఉండదు. కొర్రప్రోలు వైపు ఇలాంటి దారులు చూశాను, వాన పడితే అవి వంకలే. అందుకే రోడ్డును ఎప్పుడూ తవ్వకూడదు, ఎత్తు చేయాలి. పక్కన పేరుకున్న గట్టు మట్టిని గ్రేడర్‌తో లోపలికి లాగి, నడుమ ఎత్తు వచ్చేలా పరిచి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పాలి. గ్రేడరు దొరక్కపోతే ట్రాక్టరు వెనక బ్లేడు కట్టినా సరిపోతుంది. బకెట్ పెట్టి గీకడం మాత్రం వద్దు.

నడుమ ఎత్తు ఎంత ఉండాలి? తారు రోడ్డుకు నూటికి రెండు, రెండున్నర వాలు సరిపోతుంది. మట్టికి నాలుగైనా కావాలి. మూడున్నర మీటర్ల వెడల్పు దారికి అంటే మధ్యకూ అంచుకూ కనీసం ఏడు సెంటీమీటర్ల తేడా. ఎస్టిమేట్‌లో ఇది ఎప్పుడూ రాసే ఉంటుంది. పని దగ్గర తాడు కట్టి కొలిచేవాళ్ళు తక్కువ. మీరు వెళ్ళినప్పుడు దారి మధ్యలో నిలబడి చూడండి, రోడ్డు చదునుగా కనిపించిందంటే వచ్చే వానకు పోతుందని లెక్క.

కొండవాలు ఎక్కే చోట్ల వాలు ఒక్కటే సరిపోదు. రోడ్డు మీద నీళ్ళు దూరం పరుగెత్తకుండా ఏటవాలుగా అడ్డుకట్టలు వేయాలి, మేం వాటిని వాటర్ బార్లు అంటాం. వాలు నూటికి పది ఉన్న చోట పాతిక, ముప్పై మీటర్లకొకటి, రెండు మూడే ఉన్న చోట డెబ్బై మీటర్లకొకటి పెట్టించేవాణ్ణి. నీళ్ళు వేగం అందుకునే లోపే పక్కకు తిప్పి అడవిలో వదలాలన్నది దీని సూత్రం. స్పీడ్ బ్రేకరులా నిటారుగా పెడితే జీపు అడుగు తగులుతుంది, డ్రైవర్లు రెండో వారానికే పక్క నుంచి కొత్త దారి చేసుకుంటారు. వెడల్పుగా, మెల్లగా దిగి మెల్లగా ఎక్కేలా ఉండాలి. నీళ్ళు బయటపడే చోట పిడికిలంత రాళ్ళు పరిచి వదలాలి, లేకపోతే అక్కడ గండి పడుతుంది.

మరీ నిటారుగా ఉన్న మలుపుల్లో మాత్రం నేను సిమెంటుకు ఒప్పుకుంటాను. అక్కడ కూడా రోడ్డు మొత్తం కాదు, రెండు చక్రాల కిందా రెండు పట్టీలు వేసి, మధ్యలో మట్టి, గడ్డి వదిలేస్తే చాలు. జీపు జారదు, నీళ్ళు ఇంకే చోటు మిగులుతుంది, తాబేలు, పాము దాటడానికీ ఇబ్బంది ఉండదు. ఇష్టకామేశ్వరి అమ్మవారి దారి చూసినవాళ్ళకు నేను ఎలాంటి చోట్ల గురించి చెప్తున్నానో తెలుస్తుంది. బండల మీద జీపు ఒరిగిపోతూ ఎక్కుతుంది. భక్తులు, వయసు మళ్ళినవాళ్ళు అలాగే వెళ్తున్నారు. అక్కడ కూడా మొత్తం దారికి తారు వేయాలని కొందరు అడుగుతుంటారు. ప్రమాదకరమైన ఎగుడు దగ్గర పట్టీలు, వంక దగ్గర చప్టా, అంతకు మించి ఏదీ అక్కర్లేదు.

చప్టా గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. చిన్న వంకకు అడ్డంగా రెండు సన్నని పైపులు వేసి, పైన మట్టి పోసి తూము కట్టామంటారు. అడవి వంకలో నీళ్ళతో పాటు ఆకులు, కొమ్మలు, ఒక్కోసారి మానులే కొట్టుకొస్తాయి. సన్నని పైపు మొదటి వరదకే మూసుకుపోతుంది, నీళ్ళు పైనుంచి పారి మట్టినంతా తోసేస్తాయి. మీ జీపు దిగబడింది బహుశా అలాంటి చోటే అయ్యుంటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయే వంకకు పైపులే వద్దు. వంక అడుగు భాగానికి సమంగా రాతి చప్టా కట్టి, నీళ్ళను పైనుంచి పోనివ్వాలి. దిగువ వైపు నీళ్ళు పడే చోట ఆప్రాన్ (నేల కోసుకుపోకుండా పరిచే గట్టి పరుపు), దాని అంచున లోతుగా దించిన అడ్డుగోడ తప్పనిసరి. చప్టా విరిగేది పైనుంచి కాదు, దిగువ అడుగు కోసుకుపోయి. ఎప్పుడూ నీళ్ళు పారే వాగయితే పైపు తప్పదు, అప్పుడు 900 మిల్లీమీటర్ల వ్యాసానికి తగ్గకూడదు. మనిషి దూరి శుభ్రం చేయగలగాలి. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు ఆ పైపులోంచే చిన్న జంతువులు అటూ ఇటూ దాటతాయి, అది అదనపు లాభం.

ఊళ్ళో రోడ్డుకు అక్కర్లేని ఒక జాగ్రత్త అడవి రోడ్డుకు కావాలి. పక్క కాలువల గోడలు నిటారుగా కట్టకూడదు. నక్షత్ర తాబేలు, అలుగు, దుప్పి కూన దాంట్లో పడితే ఎక్కలేవు. ఒక చోట కాంట్రాక్టరు మంచి పనే చేశాననుకుని రెండడుగుల లోతున నిటారు సిమెంటు కాలువ కట్టాడు. తాబేళ్ళు పడి, ఎండకు అందులోనే చచ్చిపోవడం చూశాక ప్రతి ఇరవై అడుగులకూ రాళ్ళతో ఏటవాలు మెట్లు పెట్టించాల్సి వచ్చింది. మొదటే ఏటవాలు కాలువ తవ్వితే ఖర్చూ తక్కువయ్యేది. మొరం, గ్రావెల్ ఎక్కడి నుంచి తెస్తున్నామన్నదీ చూసుకోవాలి. బయట బంజరు నుంచి ట్రిప్పర్లతో తెచ్చిన మట్టితో పాటు వయ్యారిభామ, లాంటానా విత్తనాలు వస్తాయి, రెండేళ్ళలో రోడ్డు పొడవునా అవే. గడ్డి పోతుంది, గడ్డి మీద బతికే దుప్పి పోతుంది. దారి పక్కనే గుంతలు తవ్వి మట్టి తీసినా తప్పే, ఆ గుంతల్లో నీళ్ళు నిలిచి జంతువులు రోడ్డు పక్కకు అలవాటు పడతాయి.

పని ఎప్పుడు చేయాలన్నది ఎస్టిమేట్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. వానలు తగ్గి, నేలలో తడి ఆరకముందు, అంటే అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా చేసిన మట్టి పని గట్టిపడుతుంది. ఆర్థిక సంవత్సరం అయిపోతోందని మార్చిలో హడావుడిగా చేసిన పని దుమ్ముగానే మిగిలి, తొలకరికి కొట్టుకుపోతుంది. మార్చి అంటే అడవిలో మంటల కాలం కూడా. సిబ్బంది అందరూ నిప్పు వెనక పరుగెత్తుతుంటే రోడ్డు పని దగ్గర నిలబడి చూసేవాళ్ళుండరు.

పర్యాటకుల దారి వేరు, నిర్వహణ దారి వేరు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్లే చాలా గందరగోళం వస్తుంది.

చూడ్డానికి వచ్చేవాళ్ళకు కావాల్సింది ఎక్కువ కిలోమీటర్లు కాదు. వెళ్ళిన దారిన మళ్ళీ రాకుండా ఒకవైపే తిరిగే చుట్టు దారి కావాలి. ఎదురెదురుగా జీపులు వస్తే ఒకటి పక్కకు దిగాలి, అక్కడ గడ్డి నలుగుతుంది, కొన్నాళ్ళకు దారి రెండింతలవుతుంది. ఒకవైపే తిరిగితే మూడున్నర మీటర్లు చాలు, ముందున్న జీపు దుమ్ము తినకుండా ఎడం పాటించవచ్చు. దారి రకరకాల అడవి గుండా పోవాలి, కాస్త వెదురు, కాస్త పచ్చిక, ఒక వంక, ఒక కొండ అంచు. నీటి గుంట దగ్గరికి నేరుగా దారి వేయకూడదు. దూరం నుంచి కనిపించేలా ఒక వంపు ఇచ్చి, అక్కడ రెండు జీపులు ఆగే చోటు ఉంచితే చాలు. ఎండాకాలం దాహంతో వచ్చిన దుప్పుల మంద ఇంజను చప్పుడుకు నీళ్ళు తాగకుండా వెనక్కి పోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోర్ ప్రాంతంలో, అంటే పులుల కోసం ప్రత్యేకంగా కాపాడే లోపలి అడవిలో, 20 శాతానికి మించి పర్యాటకానికి తెరవకూడదు. కాబట్టి ‘ఇంకా లోపలికి రోడ్డు వేయండి’ అనడం కన్నా, ఉన్న చుట్టు దారినే నీళ్ళు నిలవకుండా చూసి, మంచి చెంచు గైడుతో నడపమని అడగడం మేలు. చెంచు గైడు కళ్ళతో చూసిన పది కిలోమీటర్లు ఒంటరిగా తిరిగిన యాభై కిలోమీటర్ల కన్నా ఎక్కువ చూపిస్తాయి.

నిర్వహణ దారుల లెక్క వేరు. వాటి మీద వాహనం రోజూ తిరగాల్సిన పని లేదు. గస్తీ కాలినడకనే చేయాలి, వాహనం చప్పుడు రెండు మైళ్ళ అవతల ఉన్న వేటగాడికి వినిపిస్తుంది. మరి రోడ్డెందుకంటే, బేస్ క్యాంపులకు సరుకులు చేరాలి, ఎవరికైనా జ్వరమో పాము కాటో అయితే బయటికి తేవాలి, ఎండాకాలం జంతువులు తాగే సాసర్ పిట్లు (పళ్ళెంలా కట్టిన నీటి తొట్లు) నింపే ట్యాంకరు పోవాలి, మంట లేచినప్పుడు మనుషులు, ఎండుటాకులు ఊదేసే బ్లోయర్లు చేరాలి. ఈ నాలుగు పనులకూ ఏ దారి అక్కరకొస్తుందో రేంజ్ మ్యాపు మీద పెన్సిల్‌తో గీస్తే, ఉన్న దారుల్లో నిజంగా అవసరమైనవి ఎన్నో తేలిపోతుంది. ట్యాంకరు దారుల్లో కొన్నింటిని సోలార్ బోరు వేస్తే వదిలేసుకోవచ్చు. ఒక్క బోరు పడితే ఎండాకాలమంతా ట్యాంకరు తిరిగే బాధ తప్పుతుంది, రోడ్డు మరమ్మతూ తప్పుతుంది.

మంటల విషయంలో దారికి ఇంకో ఉపయోగం ఉంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ ఉపగ్రహ సమాచారం ఇప్పుడు నేరుగా సిబ్బంది ఫోన్లకు వస్తుంది, మంట ఎక్కడుందో త్వరగానే తెలుస్తుంది. చేరుకోవడమే ఆలస్యం. జనవరి, ఫిబ్రవరిల్లోనే దారికి రెండు వైపులా ఎండుగడ్డి కోసి, చల్లని పొద్దున పూట జాగ్రత్తగా కాల్చేస్తే ఆ దారే ఫైర్ లైన్ అవుతుంది, ఒక వైపు మంట రెండో వైపుకు దాటదు. కొత్తగా ఫైర్ లైన్ కోసం చెట్లు తీసే పని తగ్గుతుంది. అందుకే నిర్వహణ దారులను అడవిని పెద్ద పెద్ద ముక్కలుగా విభజించేలా ఎంచుకుంటాం. అయితే గడ్డి కోసిన చోట మరుసటి వానకు లాంటానా మొలవకుండా పీకించాలి, దీనికి ఏటా కొంత కూలి డబ్బు పక్కన పెట్టాల్సిందే.

ఇప్పుడు మూసేయాల్సిన దారుల సంగతి. ఒకప్పుడు నల్లమలలో కలప, వెదురు తీశారు. అప్పటి కూపు రోడ్లు (చెట్లు నరికే చోట్లకు వేసిన దారులు), లారీ బాటలు ఇంకా అడవిలో అల్లుకుని ఉన్నాయి. ఏ అవసరమూ లేకపోయినా ‘ఉన్న రోడ్డే కదా’ అని మరమ్మతు జాబితాలో చేరుతుంటాయి. రెండు చివరలా ఊళ్ళకు తెరుచుకున్న ప్రతి దారీ దొంగకు కూడా దారే. గిద్దలూరు వైపు, అటు నెల్లూరు జిల్లాలో రాపూరు, పెంచలకోన కొండల్లో ఎర్రచందనం కోసం వచ్చేవాళ్ళు నడిచి దిగి, దుంగలు ఇలాంటి పాత బాటల దాకా మోసుకొచ్చి వాహనం ఎక్కిస్తారు. శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం చుట్టుపక్కల పనిచేసినప్పుడు నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇదే: దారి ఎంత లోపలికి పోతే దుంగ మోసే దూరం అంత తగ్గుతుంది. దూరం తగ్గితే వాళ్ళకు ధైర్యం పెరుగుతుంది.

మూయడం అంటే గేటు పెట్టి తాళం వేయడం కాదు, తాళం నెలకే పగులుతుంది. దారి మొదట్లో అడ్డంగా లోతైన కందకం తవ్వి, తీసిన మట్టి అవతల గట్టు పోయాలి. తర్వాత కొన్ని వందల మీటర్ల దాకా వాటర్ బార్లు వేసి, గట్టిపడిన నేలను పైపైన దున్ని, కంప పరిచి, స్థానికమైన విత్తనాలు చల్లాలి. నల్లమద్ది, ఏగిస, బిలుదు, వెదురు, అక్కడ ఏది ఉంటే అది. మూడు నాలుగు వానలకు దారి ఆనవాలు పోతుంది. కందకం ఒక్కటే తవ్వి వదిలేస్తే పక్క నుంచి మోటారు సైకిల్ బాట పడుతుంది, ఆ సంగతి మర్చిపోకూడదు. మూసే ముందు చెంచులతో మాట్లాడాలి. తేనెకు, గడ్డలకు వాళ్ళు నడిచే కాలిబాట అదే అయితే నడక దారి వదిలి వాహనానికే అడ్డం పెట్టాలి.

మెయిన్ రోడ్డు గురించి కొంచెం. దోర్నాల-శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూస్తారు. చాలామంది విసుక్కుంటారు, ముఖ్యంగా శివరాత్రి రోజుల్లో. కర్ణాటకలోని బందీపూర్‌లో కూడా 2009 నుంచి ఇదే వేళల్లో రాత్రి నిషేధం ఉంది. జంతువులు ఎక్కువగా తిరిగే వేళలవే కాబట్టి అభయారణ్యంలో ఇంతకన్నా చవకైన, ఫలితమిచ్చే పని మరొకటి లేదు. మధ్యప్రదేశ్-మహారాష్ట్ర సరిహద్దులో పెంచ్ గుండా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద తొమ్మిది నిర్మాణాలు కట్టి, జంతువులు కింద నుంచి దాటేలా చేశారు. వాటిలో పెద్దది 750 మీటర్లు. పులులు కూడా వాటి కింద నుంచి దాటుతున్నట్టు కెమెరాల్లో నమోదైంది. అది పెద్ద ఖర్చు, నాలుగు లైన్ల రోడ్డుకు తప్పనిసరి. మన రెండు లైన్ల ఘాట్ రోడ్డుకు ముందు చేయాల్సింది చిన్నదే: ఉన్న కల్వర్టుల కింద పేరుకున్న రాళ్ళు, చెత్త తీసి జంతువు దాటేలా తెరవడం, మలుపుల దగ్గర వేగం తగ్గించే పట్టీలు, కోతులకు తిండి వేయకుండా ఆపడం. కోతి రోడ్డు మీదకు రావడానికి కారణం మనం విసిరే బిస్కెట్టే.

చట్టం సంగతి అడిగారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో సెక్షన్ 33 కింద అభయారణ్యం నిర్వహణకు అవసరమైన రోడ్లు, వంతెనలు, గేట్లు కట్టే అధికారం చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్‌కు ఉంది. కాబట్టి మరమ్మతుకు, చప్టాలకు చట్టం అడ్డు కాదు. అదే చట్టం సెక్షన్ 29, అభయారణ్యంలోకి వచ్చే, బయటికి పోయే నీటి ప్రవాహాన్ని అనుమతి లేకుండా మళ్ళించడం, ఆపడం కుదరదంటుంది. వంకకు అడ్డంగా గట్టు పోసి పైకి రోడ్డు లేపేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. పులుల అభయారణ్యంలో ఏ పనైనా పులుల సంరక్షణ ప్రణాళికకు లోబడి, ఏటా పంపే కార్యాచరణ ప్రణాళికలో చేరాలి. కొత్త రోడ్డు, వెడల్పు చేయడం వేరే సంగతి, దానికి అటవీ అనుమతి, వన్యప్రాణి బోర్డు అనుమతి రెండూ కావాలి, అలా కావడమే న్యాయం కూడా.

ఇందులో ఒక చోట మాత్రం నా మాట మారుతుంది. చెంచు గూడేలకు పోయే దారిని సఫారీ దారితో కలిపి చూడకండి. యర్రగొండపాలెం మండలంలో పాలుట్ల లాంటి గూడేల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకురావాల్సిన పరిస్థితి ఉంటే, అక్కడ దుమ్ములో పడే అడుగు జాడల గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. అటవీ హక్కుల చట్టం, 2006 సెక్షన్ 3(2) గూడేలకు రోడ్డు, బడి, అంగన్‌వాడీ, తాగునీరు లాంటి పదమూడు సౌకర్యాలకు అడవి భూమి ఇవ్వొచ్చంటుంది. ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసుతో. 108 వాహనం ఏడాది పొడవునా చేరేలా ముందు ప్రతి వంకకూ చప్టా, తర్వాత నిటారు చోట్ల సిమెంటు పట్టీలు, మిగతా అంతా గట్టి గ్రావెల్. రాత్రి బయటివాళ్ళ వాహనాలకు గేటు, గూడెం వాళ్ళకు, అంబులెన్సుకు ఎప్పుడూ తెరిచే ఉండాలి. డబ్బు తక్కువగా ఉండి ఒక్క దారే బాగు చేయగలిగితే సఫారీ దారి కన్నా ముందు ఇదే చేయాలని పనిచేసినన్నాళ్ళూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మీలాంటి సందర్శకులు చేయగలిగిన పని ఒకటుంది. వర్షాకాలంలో మూసిన సఫారీ మళ్ళీ తెరిచాక మొదటి నెలల్లో వెళ్ళండి. దారిలో నీళ్ళు నిలిచిన చోట, గాడి పడిన చోట, చప్టా దిగువ కోసుకుపోయిన చోట లొకేషన్ పడేలా ఫోన్‌తో ఫోటో తీసి, తేదీ వేసి, గేటు దగ్గర గానీ రేంజ్ ఆఫీసులో గానీ కాగితం మీద ఇవ్వండి. ‘రోడ్డు బాగాలేదు’ అనే ఫిర్యాదుతో ఎవరూ ఏమీ చేయలేరు. ఫలానా చోట నీళ్ళు ఆగుతున్నాయన్న ఫోటో ఉంటే దాన్ని పట్టుకుని సెక్షన్ అధికారి అదే వారంలో ఎస్టిమేట్ రాయగలడు, నేలలో తడి ఉండగానే పని మొదలుపెట్టగలడు. జీపు నడిపే చెంచు కుర్రాణ్ణి కూడా అడగండి, ఏ వంక దగ్గర ప్రతి ఏడాదీ ఆగిపోతున్నారో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.